సింగిల్ ఆపరేటర్

నన్ను నమ్మేవాళ్లు ఆబిడ్స్‌లో తక్కువ. నమ్మనివాళ్లలో సగం మంది నాకు చుట్టాలే. అందుకే ముందుగా ఒట్టు పెట్టుకుంటున్నాను. మా అమ్మ తోడు, మా ఆవిడ తోడు, ఆ రెండూ చాలవంటే ప్రభుత్వం వారు నాకిచ్చిన రేడియో లైసెన్సు తోడు, కింద రాసిన ప్రతి అక్షరం నిజం. ఒక్క ముక్క కల్పించినట్టు తేలినా నా ఏరియల్ మీద పిడుగు పడుగాక.

మొన్న ఉదయం ఆబిడ్స్‌లోని మా కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల మధ్య కూర్చుని ఉండగా ఫోనుకు ఒక మెయిల్ వచ్చింది, సముద్రాల అవతలి నుంచి. ప్రియమైన మిత్రమా, మా పోటీలో పాల్గొన్నందుకు ధన్యవాదాలు, మీ లాగ్ తనిఖీ చేసిన నివేదిక జత చేస్తున్నాం, వచ్చే పోటీలోనూ మీ పిలుపు వినాలని ఆశిస్తున్నాం, అని. ఆ మిత్రుణ్ని నేను కాదు. ఆయనకు ఈమెయిల్ లేదు కాబట్టి నా అడ్రసు ఇచ్చుకున్నాడు. ఆయన దసరాకు ముందే పోయాడు. ఆ సంగతి పోటీ పెట్టినవాళ్లకు తెలియదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో రేడియో సెట్టు పెట్టుకుని ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడే పిచ్చివాళ్లం కొందరం ఉన్నాం. మాకు పోటీలుంటాయి. ఒక శని, ఆదివారాల్లో ఎవరు ఎక్కువ మందిని పలకరిస్తే వాళ్లు గొప్ప. పలకరింపు అంటే క్షేమసమాచారాలు కాదు. కాల్‌సైన్ అంటే ప్రభుత్వం లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తు పేరు. నీ కాల్‌సైన్ ఇది, నా కాల్‌సైన్ ఇది, నీ నంబరు ఇది, నా నంబరు ఇది, సెలవు. అంతా టిక్కుటక్కుల మోర్స్‌లో. ప్రతి పలకరింపూ లాగ్‌లో రాసి పంపాలి. వాళ్లు అందరి లాగ్‌లూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. నువ్వు రాసిందీ అవతలివాడు రాసిందీ కలవకపోతే ఆ పలకరింపు కొట్టేస్తారు, పైన జుర్మానా వేస్తారు. కొన్ని నెలలకు ఎవరి తప్పుల కాగితం వాళ్లకు పంపిస్తారు.

ఆ తప్పుల కాగితం కోసమే ఆయన బతికేవాడని నాకు అనిపించేది.

ఆబిడ్స్ సందులో ఆయనది రబ్బరు స్టాంపుల దుకాణం. డాక్టర్లకూ నోటరీలకూ హెడ్మాస్టర్లకూ ముద్రలు చేసిచ్చేవాడు. మా రేడియోవాళ్ల ఆచారం ఒకటుంది. రేడియో మీద ఏ మగవాడైనా, నిన్నగాక మొన్న మీసం మొలిచినవాడైనా సరే, 'ఓల్డ్ మ్యాన్' అనే పిలుస్తాం. ఆయన ఆ ఆచారాన్ని రోడ్డు మీదికి తెచ్చాడు. ఆటో డ్రైవరు ఓల్డ్ మ్యాన్, చాయ్ హోటల్ సేట్ ఓల్డ్ మ్యాన్, ముద్ర కోసం వచ్చిన మెజిస్ట్రేటు గారు కూడా ఓల్డ్ మ్యాన్. నన్నొక్కణ్నే తమ్మీ అనేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, కాల్‌సైన్ అసలే రాయను.

నివేదిక రాగానే ప్రింటు తీసి దుకాణానికి పట్టుకెళ్లడం నా పని.

"ఏం తమ్మీ, తెచ్చినవా నా జాతకం?"

చేతికున్న ఇంకు గుడ్డతో తుడుచుకునేవాడు. స్కోరుండే మొదటి పేజీని బోర్లా పెట్టి, చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవాడు. తప్పులుండేది అక్కడే.

"స్కోరు చూడరా అన్నా?"

"స్కోరు ఊరందరికీ చెప్తరు. తప్పులు నాకొక్కనికే పంపిన్రు. ఇజ్జత్ ఇచ్చుడంటే గదీ."

ఒక్కో తప్పు మీదా స్కేలు పెట్టి, ఆ క్షణంలో ఏం జరిగిందో గుర్తు చేసుకునేవాడు. ఇక్కడ తుమ్మొచ్చింది. ఇక్కడ ఆయన ఇంటావిడ, నాకు వదిన, చాయ్ తెచ్చింది. ఇక్కడ నాంపల్లి స్టేషన్‌లో రైలు కూత పెట్టింది. తప్పుల్లో ఆయనకు బాగా కోపం తెప్పించేది ఒకటుంది. మనం ఒకడితో మాట్లాడామని రాసుకుంటాం, వాడి లాగ్‌లో మాత్రం మనం ఉండం.

"జవాబిచ్చిండు. థాంక్యూ అన్నడు. రాస్కోలేదు! గిసొంటోడు మా చుట్టాలల్ల ఒకడున్నడు తమ్మీ. నా పెండ్లికొచ్చి బగారన్నం మూడుసార్లు పెట్టించుకున్నడు, ఇప్పుడు ఎదురొస్తే గుర్తువట్టడు."

ఇల్లు నాంపల్లిలో, స్టేషన్ వెనక రోడ్డులో మూడో అంతస్తు. ఏరియల్ తీగ వాళ్ల మిద్దె మీది నుంచి ఎదురు లాడ్జి నీళ్లట్యాంకు దాకా కట్టి ఉండేది. ఒకరోజు లాడ్జి పనామె బట్టలారేసే తాడనుకుని దాని మీద తడి దుప్పటి వేసింది. సరిగ్గా అప్పుడే బ్రెజిల్ దొరికింది. అంతకు ముందు ఎన్నేళ్లు పిలిచినా దొరకని బ్రెజిల్. ఆయన కిందికి పరుగెత్తి ఆ దుప్పటి అమ్ముతావా అని మేనేజర్ని అడిగాడు. మేనేజరు తెలివైనవాడు, అమ్మను, కిరాయికిస్తానన్నాడు. అప్పటి నుంచి ప్రతి పోటీకీ ముందు లాడ్జిలో ఒక గది మంచానికి దుప్పటి ఉండేది కాదు. కావాలంటే వెళ్లి అడగండి, దాన్ని బ్రెజిల్ దుప్పటి అనే అంటారు.

నవ్వే రోజులు అంతవరకే. ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. రబ్బరు పొగ అని డాక్టరు, బీడీలని వదిన, నాంపల్లి దుమ్మని ఆయన. కారణం ఏదైతేనేం, దుకాణం మూతపడింది. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఆయన చిక్కుబడిపోయాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు పంపే మెషిన్ ఒకటి ఇంటికొచ్చింది. కరెంటుతో నడుస్తుంది, పోతే ఇన్వర్టరు ఉంది. తినేటప్పుడూ స్నానానికీ తప్ప ఆ గొట్టం ముక్కుకు ఉండాల్సిందేనని డాక్టరు చెప్పాడు. పొడుగు గొట్టం కొని, రేడియో బల్ల దాకా అందేట్టు చేశాం.

ఆ తర్వాత ఆయన రేడియోలో చప్పుడు మొదలైంది. రేకుల షెడ్డు మీద వాన కురిసినట్టు ఒకటే మోత. దగ్గరివాళ్లు, పెద్ద సెట్లవాళ్లు మాత్రం పైకి వినిపించేవాళ్లు. దూరాన చిన్న సెట్లతో పిలిచేవాళ్లంతా ఆ మోతలో మునిగిపోయేవాళ్లు.

"నేను అందరికీ ఇనిపిస్తున్న తమ్మీ. నాకే ఎవ్వరు ఇనిపిస్తలేరు. పిలుస్తనే ఉంటరు గావచ్చు. ఎంత పిలిచినా పలుకుతలేడు, ముసలోనికి పొగరెక్కింది అనుకుంటరు."

ఆబిడ్స్‌లో ఇప్పుడు కిళ్లీకొట్టుకు కూడా మెరిసే ఎల్‌ఈడీ బోర్డే. వాటి కరెంటు పెట్టెలు రేడియోలో గోల పెడతాయి. చప్పుడు అక్కడి నుంచే వస్తోందని ఆయన తీర్మానించాడు. దవాఖానలో చూపించుకునే రోజుల్లో మాత్రమే ఆయన మెట్లు దిగేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోను ఆబిడ్స్ సందులన్నీ తిప్పించేవాడు. అరచేతిలో పట్టే పాత ట్రాన్సిస్టరు ఆటో బయటికి పెట్టి, ఎక్కడ గుర్రుమంటే అక్కడ ఆపించేవాడు. నేను దిగి, షాపులోకి వెళ్లి, మీ బోర్డు ఒక్క నిమిషం ఆపుతారా అని బతిమాలాలి.

ఒక మిఠాయి దుకాణం సేట్ నన్ను కరెంటాఫీసు మనిషనుకున్నాడు. బోర్డు ఆపడమే కాదు, స్తంభం నుంచి దొంగతనంగా లాక్కున్న తీగ కూడా పీకేసి, కిలో కలాకంద్ చేతిలో పెట్టాడు. ఆటోలో ఆయన ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ముక్కుకు గొట్టం లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇది కాదు తమ్మీ. ఇంకో సందు చూద్దం."

"అన్నా, ఇంటికి పోదాం. ఊపిరి అందడం లేదు మీకు."

"ఒక్క సందు. ఓల్డ్ మ్యాన్, జర ఎడమకు కొట్టు."

డ్రైవరు నా వైపు చూశాడు. నేనూ ఎడమకే అన్నాను. కలాకంద్ ముగ్గురం తిన్నాం. చప్పుడు దొరకలేదు.

అయినా ఆయన పోటీలు మానలేదు. పోటీ వచ్చిందంటే వదినను కాచిగూడలో వాళ్ల చెల్లెలింటికి పంపించేవాడు. టిక్కుటక్కులతో నీ తల నొస్తది, పోయిరా, అనేవాడు. ఆమె వండిపెట్టి, మందులు వరసగా పేర్చి వెళ్లేది.

అలాంటి ఒక పోటీ తాలూకు నివేదిక ఈ ఎండాకాలంలో వచ్చింది. దుకాణం లేదు కదా, ఇంటికి పట్టుకెళ్లేముందు ఆఫీసులోనే నేనొకసారి చూశాను. ఆయన దగ్గర నేర్చుకున్నట్టు వెనక నుంచి చూశాను. విచిత్రంగా ఉంది. చాలాసేపు లాగ్ ఖాళీ. ఉన్నట్టుండి జోరుగా పలకరింపులు, అందులో ఎక్కడెక్కడివో బక్క స్టేషన్లు, అన్నీ తప్పు లేకుండా రాసినవి. తర్వాత ఆ జోరు చివర్లో తప్పుల మీద తప్పులు. కాల్‌సైన్లు సగం సగం, నంబర్లు తారుమారు. మళ్లీ ఖాళీ. మళ్లీ జోరు, మళ్లీ తప్పులు. రెండు రోజులూ పగలల్లా ఇదే వరస.

సాయంత్రం వెళ్లి అడిగాను.

"ఆ జోరేంటన్నా మధ్యమధ్యలో?"

"కరెంటు పోయింది తమ్మీ. ఆబిడ్స్ బోర్డులన్నీ బంద్. నా సెట్టు బ్యాటరీ మీద నడిచింది. మస్తు ఇనిపించిన్రు."

"ఆ శనివారం నేను ఆఫీసులోనే ఉన్నాను. కరెంటు పోలేదు."

"నాంపల్లిల పోయింది."

"మరి చివర్లో ఈ తప్పులు?"

ఆయన చూపు గోడ వైపు పోయింది. గోడ పక్కన మెషిన్ గుర్రుగుర్రుమంటోంది. దాని కరెంటు తీగ నిండా చప్పుడు ఆపే నల్లటి రింగులు, పెళ్లికూతురి చేతి గాజుల్లా మోచేతి దాకా. అన్ని రింగులు అక్కడ ఎందుకున్నాయో అప్పటికి గానీ నాకు తట్టలేదు. బల్ల మీది ట్రాన్సిస్టరు తీసి మెషిన్ దగ్గర పెట్టాను. గదంతా అదే రేకుల మీది వాన కురిసింది.

"అన్నా, మీకు ఎప్పుడు తెలిసింది?"

"తెచ్చిన రోజే."

"మరి ఆ సందులన్నీ ఎందుకు తిప్పారు నన్ను?"

"ఇంట్లదే అని ఎర్కే తమ్మీ. బయటిదైతే బాగుండు అని తిరిగిన."

కబుర్లకు నాకెప్పుడూ కరువు లేదు, ఆ రోజు తప్ప. ఆయనే మెల్లగా, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పాడు. మెషిన్ వంటింట్లోకి మార్చాడట, చప్పుడు తగ్గలేదు. ఏరియల్ జరిపించాడట, తగ్గలేదు. ఫిల్టర్లు కట్టాడట. చివరికి ఒకటే దారి మిగిలింది. స్విచ్చి ఆపడం. ఆపితే ప్రపంచమంతా ఒక్కసారి పలుకుతుంది. కాసేపటికి తల తిరుగుతుంది, అక్షరాలు జారిపోతాయి. అప్పుడు మళ్లీ స్విచ్చి వేసి, మోతలో కూర్చుని, గోళ్లు నీలం తగ్గేదాకా ఆగి, మళ్లీ ఆపడం.

"ఇది ఆత్మహత్య అన్నా."

"కాదు తమ్మీ. పోటీ."

"వదినకు చెప్తాను."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకూ ఆయన నన్ను ఏదీ బతిమాలలేదు.

"చెప్పకు. చెప్తే గా సెట్టు తీసి అటక మీద పడేస్తది. నాకు ఇంక ఏమున్నది తమ్మీ గీడ? దుకాణం పాయె. మెట్లు దిగవశం కాదు. రోజంతా గా కిటికీలకెల్లి లాడ్జి ట్యాంకు చూసుడే. పోటీల ఎవడో ఎక్కడ్నుంచో నా కాల్‌సైన్ కొట్టి, పలుకుతనేమో అని ఆగుతడు. నాకోసం ఆగుతడు. గంతే. ఒక్క వానాకాలం పోటీ చేస్త. గది అయినంక నేనే తీసి నీకిచ్చేస్త సెట్టు."

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆలోచించాను. తెల్లారేసరికి దారి దొరికింది. సిలిండర్! ఆక్సిజన్ సిలిండరుకు కరెంటు అక్కర్లేదు. కరెంటు లేకపోతే చప్పుడు లేదు. పోటీ రోజుల్లో మెషిన్ ఆపేసి సిలిండరు పెట్టుకుంటే ఊపిరీ ఉంటుంది, ప్రపంచమూ వినిపిస్తుంది. ఉస్మాన్‌గంజ్ దగ్గర కిరాయికిచ్చేవాళ్లున్నారు. పోటీ ముందు రోజు ఇద్దరు మనుషులు భుజాల మీద మోసుకుని మూడో అంతస్తుకు ఎక్కించారు.

ఆయన దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

"దీని కుళాయి తిప్పేదెవరు?"

"నేనున్నాగా. పక్కన కూర్చుంటాను."

"నువ్వు గదిల ఉంటే నేను మల్టీ ఆపరేటర్ అయిత."

ఇది చెప్పాలి. పోటీలో వర్గాలుంటాయి. ఒక్కడే, ఎవరి సాయం లేకుండా చేస్తే సింగిల్ ఆపరేటర్. నలుగురు కలిసి చేస్తే మల్టీ. ఆయన జన్మంతా సింగిల్ ఆపరేటరే.

"ఆ సాయం వేరు అన్నా! స్టేషన్లు వెతికిపెట్టే సాయం. ఆక్సిజన్ తిప్పడం గురించి రూల్ పుస్తకంలో లేదు."

"సాయమంటే సాయమే."

"అయితే మెట్ల మీద కూర్చుంటాను. మెట్లు మీ స్టేషన్‌లోకి రావుగా?"

ఆయన రూల్ పుస్తకం తెరిచి నిజంగానే వెతికాడు. మెట్ల గురించి ఏమీ లేదు. ఒప్పుకున్నాడు.

ఆ రెండు పగళ్లూ మెట్ల మీద కూర్చున్నాను. పక్కింటావిడ మజ్జిగిచ్చింది, అప్పులవాడిననుకుని వెనక్కి తీసుకోబోయింది కూడా. లోపల్నుంచి మోర్స్ కొట్టే కీ చప్పుడు. పిలుపు, జవాబు, పిలుపు, జవాబు. తలుపు ఇవతల నుంచే నాకు దేశాలు తెలుస్తున్నాయి. జపాన్. ఫిన్లాండ్. ఏదో పేరు తెలియని దీవి. మధ్యలో ఒకసారి ఆయన నవ్వాడు, పూర్వం దుకాణంలో నవ్వినట్టు, దగ్గు లేకుండా. ఆదివారం సాయంత్రం తలుపు తీసుకుని వచ్చి చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు ఎర్రగా ఉన్నాయి.

"ఈసారి తప్పులుండవు తమ్మీ. రాసి పెట్టుకో."

నెల తిరగకుండానే దవాఖానలో పోయాడు. ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టరు. మొన్న వచ్చింది ఆ పోటీ నివేదికే. ప్రింటు తీసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. చివరి పేజీలో ఏమీ లేదు. ఒక్క తప్పు కూడా లేదు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. నిన్నటి నుంచి ఇక్కడ ఆపాలనే చూస్తున్నాను. చేతకావడం లేదు.

సిలిండరు నా కల్పన. మిగతాదంతా నిజం, బ్రెజిల్ దుప్పటితో సహా.

ఆ రాత్రి నేను ఆలోచించిన మాట నిజమే. నాకు తట్టింది ఇంకో రకం ఫిల్టరు. తెల్లారి అది తెచ్చి మెషిన్‌కు కట్టాం, చప్పుడు తగ్గలేదు. సిలిండరనే వస్తువు ఒకటుందని మా ఇద్దరికీ గుర్తు రాలేదు. చప్పుడు వస్తోందంటే మాలాంటివాళ్లకు రింగులు గుర్తొస్తాయి, ఫిల్టర్లు గుర్తొస్తాయి, ఏరియల్ ఎటు తిప్పాలా అని గుర్తొస్తుంది. మాకు అది రేడియో జబ్బు. ఊపిరి సంగతి అనుకుని ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది.

రూల్ పుస్తకం వాదన జరిగింది, అది సిలిండరు గురించి కాదు, నేను గదిలో ఉండి స్విచ్చి చూసుకుంటానన్నందుకు. మెట్ల మీద కూర్చున్నదీ నిజం. మా ఒప్పందం ఒకటే. అప్పుడప్పుడూ నేను తలుపు కొట్టాలి, ఆయన కీ నొక్కి జవాబివ్వాలి. ఇవ్వకపోతే నేను తోసుకుని లోపలికెళ్లి మెషిన్ వేస్తాను. ప్రతిసారీ జవాబిచ్చాడు. పోను పోను ఆలస్యంగా ఇచ్చాడు. ఆయన నవ్వలేదు, దగ్గాడు. ఆదివారం సాయంత్రం తలుపు తీసినప్పుడు పెదాలు ఎర్రగా లేవు. తప్పులుండవన్న మాట ఆయన అనలేదు. "మస్తుమంది పిలిచిన్రు తమ్మీ" అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

నివేదికలో తప్పులు గుంపులు గుంపులుగా ఉన్నాయి, ఎండాకాలం కాగితంలో కన్నా దగ్గర దగ్గరగా. ఆఖరి గుంపులో ఆ దీవి స్టేషనునే వెంటవెంటనే మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ మూడు రకాలుగా. మూడూ కొట్టేశారు.

నిన్న కాచిగూడకు ఫోన్ చేసి, ఇప్పుడు చెల్లెలింట్లోనే ఉంటున్న వదినకు అంతా చెప్పాను. మెషిన్ సంగతి, స్విచ్చి సంగతి, మెట్ల సంగతి. నేను ఆపాక ఆమె అడిగింది.

"పోటీ దినాలు సిలిండరు పెట్టుకుంటే అయిపోతుండె గదా తమ్మీ? దానికి కరెంటు గిట్ల ఉండదు."

ఫోను కట్టయిందేమోనని ఆమె రెండుసార్లు హలో అంది. తర్వాత తిట్టలేదు, ఏడవలేదు. మా చెల్లె అత్తకు తెచ్చినం, ఉస్మాన్‌గంజ్ కాడ కిరాయికి ఇస్తరు, అంది. ఫోన్ చేస్తే ఇద్దరు మనుషులు వస్తారట. మూడో అంతస్తయినా సరే, పైదాకా మోసుకొచ్చి పెట్టిపోతారట.